కష్టాల ఫైలు: తెలుగు టెక్స్ట్‌కి సరైన టూల్ వెతుక్కునే పద్ధతి

నా కంప్యూటర్‌లో ‘కష్టాలు’ అనే పేరుతో ఒక ఫైలు ఉంది. మొత్తం 31 వరుసలు. కొత్త టూల్ ఏది చేతికొచ్చినా, దాని గురించి వాళ్లు ఏం రాసుకున్నారో చదవకముందే ఈ ఫైలు దాని ముందు పడేస్తాను. రెండు నిమిషాల్లో దాని సంగతి తెలిసిపోతుంది.

విజయవాడ గవర్నర్‌పేటలో 19 ఏళ్లు డీటీపీ చేశాను. పెళ్లి శుభలేఖలు, టెన్త్ గైడ్లు, కవితా సంపుటాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని చిన్న ప్రచురణకర్తల పాత పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) ఫైళ్లని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి అక్షరానికీ ఒక సంకేతం ఇచ్చే ప్రపంచ ప్రమాణంలోకి మార్చి, తప్పులు దిద్ది, ఈబుక్‌లు చేసి ఇస్తున్నాను. ప్రోగ్రామింగ్ చదువుకోలేదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఫోన్లో చెప్పింది కొంత, వాడికి చెప్పకుండా పాడుచేసి నేర్చుకున్నది కొంత.

ఆ ఫైలు పుట్టింది ఒక గుడి చరిత్ర పుస్తకం వల్ల. టైపు చేసినాయన నిండు సున్న కొట్టాల్సిన చోటల్లా తెలుగు అంకె సున్నా కొట్టాడు. ‘మందిరం’ అని ఉండాల్సింది ‘మ౦దిర౦’ అని ఉంది. కంటికి తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకదు. ఇంతేగా అనుకుని ఫోల్డర్ మొత్తం మీద ౦ తీసి ం పెట్టమని ఒక్క దెబ్బతో మార్పించాను. పదిహేను సెకన్ల పని. సాయంత్రం ప్రూఫు చూసిన పెద్దాయన ఫోన్ చేసి, “అమ్మాయ్, మా గుడికి సంవత్సరమే లేకుండా చేశావేంటి?” అన్నారు. శాసనాల తేదీలన్నీ తెలుగు అంకెల్లో ఉన్నాయి. ౧౪౦౦ కాస్తా ౧౪ంం అయి కూర్చుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీ మూడు రోజుల పాతది. రెండు రాత్రులు పట్టింది సర్దడానికి.

తప్పు నాదే. కానీ అసలు లోపం ఎక్కడుందో ఆ రెండు రాత్రుల్లో అర్థమైంది. నేను “మంచి ఫైండ్ అండ్ రీప్లేస్ టూల్ ఏది” అని వెతికాను. “అంకె పక్కన ఉన్న సున్నాని ముట్టుకోకుండా, అక్షరం పక్కన ఉన్నదాన్ని మాత్రమే మార్చే టూల్ ఏది” అని వెతకాలి. మొదటి ప్రశ్నకి వంద జవాబులు వస్తాయి, రెండోదానికి నాలుగైదు. వెతకాల్సింది ఆ నాలుగైదింటిలో.

అందుకని ముందు ఫైలు తయారు చేసుకోండి. మీ పనిలో మిమ్మల్ని నిజంగా ఏడిపించిన మాటలు, ఒక్కో వరుసకి ఒకటి. నాది ఇలా మొదలవుతుంది:

స్త్రీ
సాఫ్ట్‌వేర్, సాఫ్ట్వేర్
మంచి, మ౦చి
౧౪౦౦
ఇళ్లు, ఇళ్ళు
హైదరాబాద్, మళ్లీ హైదరాబాద్
పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకాలు, ఇల్లు, ఇంట్లో

ప్రతి వరుస కిందా, టూల్ ఏం చేస్తే నాకు సరిపోతుందో ఒక ముక్క రాసుకున్నాను. “ఈ రెండూ ఒకటే అని చూపాలి”, “దీన్ని ముట్టుకోకూడదు”, ఇలా. జవాబు ముందే రాసుకోకపోతే, టూల్ ఏం చేసినా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

మొదటి వరుసే అన్నిటికన్నా పనికొచ్చేది. ‘స్త్రీ’ అనే మాట ఇచ్చి పొడవెంత అని అడగండి. 18 అందనుకోండి, ఆ టూల్ బైట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే చిన్న గదులు లెక్కపెడుతోంది. యూనికోడ్‌ని ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరాలు ఒక్కోటి 3 బైట్లు తింటాయి. 6 అంటే యూనికోడ్ సంకేతాలు లెక్కపెడుతోంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పే జవాబు ఇదే. 3 అంటే స్, త్, రీ అని విడగొడుతోంది. యూనికోడ్ వాళ్లు 2023లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగు సంయుక్తాక్షరాలని విడగొట్టకుండా ఉంచే నియమం చేర్చారు, అంతకు ముందు నియమం ప్రకారం మూడు ముక్కలే. 1 అంటే, మన ఒకటో తరగతి పంతులమ్మ చూసినట్టు చూస్తోంది.

ఏ జవాబూ తప్పు కాదు. మీ పనికి ఏది కావాలన్నదే లెక్క. నాకు వెతికి మార్చడానికి 6 చెప్పేది చాలు. గళ్లనుడికట్టు చేసేవాళ్లకి 1 చెప్పేది కావాలి. 18 చెప్పే టూల్‌తో తెలుగులో ‘ఏదో ఒక అక్షరం’ అని చుక్క పెట్టి మార్పులు చేశారో, అక్షరం మధ్యలో తెగి వజ్రం గుర్తులు తేలతాయి.

రెండో పరీక్ష నమూనాలతో వెతకడానికి. వెతకాల్సిన నమూనాని గుర్తులతో రాసే పద్ధతిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. అది తెలిసినవాళ్లందరూ మాటని పట్టుకోవడానికి బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w, అంటే ‘మాటలో ఉండే అక్షరం’) వాడతారు. పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూల్‌కి ఆ నమూనా ఇచ్చి, చివర కూడిక గుర్తు (‘ఒకటి గానీ ఎక్కువ గానీ’ అని) పెట్టి, ‘తెలుగు’ అనే మాటలో వెతకమన్నాను. త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెట్టింది. ఎత్వాలు, కొమ్ములు దాని దృష్టిలో అక్షరాలు కావు. పైథాన్‌కే విడిగా దొరికే ‘రెజెక్స్’ అనే మాడ్యూల్ వేసుకుంటే మాట మొత్తం వస్తుంది. ఫైళ్లలో వెతికిపెట్టే రిప్‌గ్రెప్ అనే టూల్‌లోనూ మొత్తం వస్తుంది. వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం కూడా రాదు, దానికి ఆ గుర్తు అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే.

ఇక్కడ ఒక తమాషా. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో ఒక్క ఫైలులో వెతికే పెట్టె జావాస్క్రిప్ట్ నియమాలతో నడుస్తుంది, ఫోల్డర్ మొత్తం వెతికే పెట్టె వెనక రిప్‌గ్రెప్ ఉంది. ఒకే కిటికీలో ఒకే నమూనాకి రెండు జవాబులు. ఇది తెలియక ఒక రోజంతా నా కళ్లజోడుని అనుమానించాను.

చదరపు బ్రాకెట్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. [క్ష] అని రాస్తే ‘క్ష అనే అక్షరం’ అని టూల్ అనుకోదు. క గానీ, పొల్లు గానీ, ష గానీ అనుకుంటుంది. సంయుక్తాక్షరాలు వెతకాలంటే మామూలు బ్రాకెట్లలో నిలువు గీత పెట్టి (క్ష|జ్ఞ) అని రాయాలి. ‘ఇళ్లు, ఇళ్ళు’ రెండూ ఒకేసారి దొరకాలంటే మాత్రం ‘ఇళ్’ రాసి, చదరపు బ్రాకెట్లలో ల, ళ పెట్టి, బ్రాకెట్ మూశాక కొమ్ము కొట్టాలి. ఆ కొమ్ము ఒంటరిగా, చుక్కల సున్నాకి వేలాడుతూ కనిపిస్తుంది. కంగారు పడకండి, నమూనా సరిగానే ఉంది.

ఇక కనపడని దొంగలు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట్ తర్వాత వకార ఒత్తు పడకుండా మధ్యలో ఒక కనపడని విడదీత అక్షరం ఉంటుంది. అది ఉంటే 11 సంకేతాలు, లేకపోతే 10. ఒకటి వెతికితే రెండోది దొరకదు. ‘హైదరాబాద్’లో ఐత్వం ఒకే సంకేతంగా ఉండొచ్చు, లేదా ఎత్వం, కింద గుర్తు అని రెండు సంకేతాలుగా ఉండొచ్చు. పాత మ్యాక్‌ల నుంచి వచ్చిన ఫైళ్ల పేర్లలో ఈ రెండో రకం చూశాను. ఇలాంటివి బయటపెట్టడానికి నేను వాడేది విమ్ అనే పాత ఎడిటర్. అక్షరం మీద కర్సర్ పెట్టి జీ, ఏ అని రెండు మీటలు నొక్కితే అక్కడ ఏయే సంకేతాలు ఉన్నాయో కింద వరుసగా చెబుతుంది. తెలుగువి 0సి00 నుంచి 0సి7ఎఫ్ లోపల ఉంటాయి. ఆ గీత దాటి ఏదైనా కనిపిస్తే పరాయి సరుకు దూరినట్టే. విమ్ నుంచి బయటికి రావడం ఎలాగో ముందే ఎవరినైనా అడిగి పెట్టుకోండి.

ఐత్వం లాంటి వాటిని ఒకే రూపంలోకి తేవడాన్ని నార్మలైజేషన్ అంటారు. పైథాన్‌లో దానికి ‘యూనికోడ్‌డేటా’ మాడ్యూల్ ఉంది. అది ఐత్వాన్ని సరిచేస్తుంది గానీ, విడదీత అక్షరాన్ని ముట్టుకోదు, అంకె సున్నాని నిండు సున్నగా మార్చదు. నార్మలైజ్ చేశాం కదా అని ధీమాగా ఉండొద్దు. భారతీయ భాషలకని చేసిన ఇండిక్ ఎన్‌ఎల్‌పీ లైబ్రరీ లాంటివి ఇంకాస్త ముందుకెళ్లి శుభ్రం చేస్తాయి. కానీ శుభ్రం అంటే ఎవరి లెక్కలో? వెతుకులాటకి కనపడని అక్షరాలన్నీ ఊడ్చేయడం మంచిదే. అచ్చుకి వెళ్లే పుస్తకంలో ఊడిస్తే ‘సాఫ్ట్‌వేర్’కి ఒత్తు వచ్చి తగులుకుంటుంది. కష్టాల ఫైలు మీద నడిపించి చూశాకే అసలు ఫైలు.

సరే, టూల్స్ ఎక్కడ వెతకాలి? ముందు మీ దగ్గరున్న ఎడిటర్‌లోనే. సగం సార్లు కావాల్సింది ఏదో మెనూలో దుమ్ము పట్టి ఉంటుంది. తర్వాత మీ లినక్స్ ప్యాకేజీల జాబితాలో. అక్కడికి చేరిన టూల్‌ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని చూస్తున్నట్టు. ఆ తర్వాతే కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్, పైథాన్ ప్యాకేజీల గోదాం.

వెతికేటప్పుడు పనికి ఉన్న అసలు పేరు తెలియాలి. నాకు చాలాకాలం తెలియలేదు, అందుకే దొరకలేదు. వాక్యాన్ని మాటలుగా తుంచేది టోకెనైజర్. ‘పుస్తకాన్ని’ చూసి తోక కోసి మొదలు మిగిల్చేది స్టెమ్మర్. ‘ఇంట్లో’ చూసి ‘ఇల్లు’ అని మూలరూపం చెప్పేది లెమటైజర్. తోక కోసేది ‘ఇంట్లో’ దగ్గర చేతులెత్తేస్తుంది, అందుకే నా ఫైలులో ఆ మాట ఉంది. నిర్మాణాన్ని విప్పి చెట్టులా చూపేది పార్సర్. కోడ్‌లో తప్పులు పట్టేది లింటర్, కోడ్‌ని వరుసలు సర్ది ఒద్దికగా పెట్టేది ఫార్మాటర్. రెండు ఫైళ్ల తేడా చూపేది డిఫ్.

ఒక టూల్ నచ్చిందనుకోండి, దాని ఫిర్యాదుల పేజీకి వెళ్లి ‘తెలుగు’ అని ఇంగ్లిష్‌లో వెతకండి. ఏమీ రాకపోతే సంతోషించొద్దు, మనవాళ్లు ఎవరూ వాడి ఉండరు. ‘ఇండిక్’ అని, ‘దేవనాగరి’ అని కూడా వెతకండి. హిందీవాళ్లకి మాత్రలతో వచ్చిన తంటా మనకి గుణింతాలతో రాకుండా ఉండదు. నాకు తెలిసిన లోపాల్లో సగం హిందీ ఫిర్యాదుల్లోనే చదివాను.

మార్పులు చేసే టూల్స్ దగ్గర నేను ఇంకో మెట్టు జాగ్రత్త పడతాను. వెతకడంలో తప్పు జరిగితే జవాబు తప్పుతుంది, మార్చడంలో తప్పు జరిగితే పుస్తకమే పోతుంది. రిప్‌గ్రెప్ నాకు ఇష్టం కావడానికి ఒక కారణం అది ఫైళ్లని మార్చలేదు. రీప్లేస్ అని చెప్పినా, మారితే ఎలా ఉంటుందో తెర మీద చూపించి ఊరుకుంటుంది. ముందు దాంతో రిహార్సల్, తర్వాత పెర్ల్ అనే భాషతో అసలు పని. 1970లలో పుట్టిన గ్రెప్, సెడ్, ఆక్ అనే టెక్స్ట్ టూల్స్ ఇప్పటికీ బతికే ఉన్నాయి, మా మేనల్లుడు వాటితోనే అన్నం తింటాడు. కానీ ‘వెనక ఫలానాది ఉంటేనే’ అనే షరతు సెడ్‌కి రాదు. దాన్ని లుక్‌బిహైండ్ అంటారు. పెర్ల్‌కి వచ్చు, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కి వచ్చు, రిప్‌గ్రెప్‌కి పెద్ద పీ స్విచ్ వేస్తే వస్తుంది. గుడి పుస్తకం సున్నాల గొడవ చివరికి ఆ షరతుతోనే తీరింది: వెనక తెలుగు అంకె ఉన్న నిండు సున్నలన్నీ మళ్లీ అంకె సున్నాలు. రెండుసార్లు నడిపితే ౧౪ంం మళ్లీ ౧౪౦౦ అయింది. ౧౪ పక్కన మొదటి సున్నా మారాక రెండోదానికి వెనక అంకె ఉన్నట్టా లేనట్టా అని మీకు సందేహం రావచ్చు. రావాలి కూడా. పెర్ల్ మార్పుకి ముందున్న పాఠాన్నే చూస్తుంది కాబట్టి మొదటి విడతలో ఒక సున్నానే మారింది, రెండోసారి నడిపితే రెండోది మారింది. కష్టాల ఫైలులో నాలుగో వరుస అందుకే ఉంది.

ప్రతి మార్పుకి ముందు, ఫైళ్ల పాత రూపాలన్నీ దాచిపెట్టే గిట్ అనే టూల్‌లో ఒక కాపీ దాచుకోండి. 2005లో కోడ్ కోసం పుట్టినదే అయినా పుస్తకాలకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. మాటల వారీ తేడా చూపమని అడిగితే, ఖాళీల దగ్గర తెంపి ఏ మాట పోయి ఏ మాట వచ్చిందో రంగుల్లో చూపిస్తుంది. తెలుగు అక్షరాల గొడవ దానికి అంటదు.

ఇప్పుడు పార్సర్ ఎందుకు కావాలో చెప్పాలి. ఈబుక్ ఫైలు అంటే లోపల జిప్ చేసిన వెబ్ పేజీల మూట. పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ నుంచి బయటికొచ్చిన ఫైళ్లలో ఒక్కోసారి ‘విజయ’కి ‘వాడ’కి మధ్య ట్యాగ్ దూరి ఉంటుంది. చదివేవాళ్లకి విజయవాడే, గ్రెప్‌కి కాదు. అలాంటి చోట టెక్స్ట్‌ని గీతలు గీతలుగా చూసే టూల్ పనికిరాదు, ట్యాగుల్ని పక్కన పెట్టి పాఠాన్ని మాత్రమే చూడగలిగేది కావాలి. పైథాన్‌లో బ్యూటిఫుల్ సూప్ ఆ పని చేస్తుంది, పేరు చూసి నవ్వొద్దు. రకరకాల ఫైళ్లని ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చాలంటే పాన్‌డాక్. చేత్తో దిద్దుకోవాలంటే సిజిల్.

కోడ్‌లోనూ ఇదే కథ. మేనల్లుడి ఆఫీసులో ఒక యాప్‌కి తెలుగు మాటలు కోడ్ ఫైళ్లలోనే అక్కడక్కడా రాసేశారట. ‘సబ్మిట్ చేయండి’ని ‘పంపండి’గా మార్చాలి. మార్చాల్సింది వాడేవాళ్లకి కనిపించే చోటే, ప్రోగ్రామర్లు రాసుకున్న వ్యాఖ్యల్లో కాదు. “అత్తా, గ్రెప్ చేస్తే అన్నీ కలిపి 200 వచ్చాయి” అన్నాడు. “ఒరేయ్, ట్యాగుల గొడవే ఇది కూడా, చెట్టు చూసే టూల్ లేదా మీ దగ్గర?” అన్నాను. ఉంది. ట్రీ-సిట్టర్ అని, గిట్‌హబ్‌లో ఆటమ్ ఎడిటర్ చేసినవాళ్ల దగ్గర పుట్టింది. కోడ్‌ని చదివి, ఇది వ్యాఖ్య, ఇది స్ట్రింగ్ (కోట్ల మధ్య రాసిన పాఠం), ఇది ఫంక్షన్ పేరు అని చెట్టు కడుతుంది. మీరు ఒక అక్షరం మారిస్తే చెట్టు మొత్తం మళ్లీ కట్టదు, ఆ కొమ్మ వరకే సరిచేస్తుంది. దాని మీద నిలబడ్డదే ఏఎస్‌టీ-గ్రెప్. “స్ట్రింగుల్లో మాత్రమే వెతుకు” అని దానికి చెప్పొచ్చు. వాడి 200లో మార్చాల్సినవి 60 తేలాయి. నాకు ఆ రోజు కాస్త గర్వంగానే ఉంది.

తెలుగు వాక్యాన్నే అలా చెట్టు కట్టే టూల్స్ ఉన్నాయా అంటే ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్టాంజాలో తెలుగు మోడల్ ఉంది. అయితే ఏ టూల్ అయినా ఏ అన్నం తిని పెరిగిందో కనుక్కోవాలి. అది నేర్చుకున్న తెలుగు ట్రీబ్యాంకులో (వ్యాకరణ చెట్లు కట్టి పెట్టిన వాక్యాల సేకరణలో) 1,300 పైచిలుకు వాక్యాలు, అవి 1985లో వచ్చిన ఒక వ్యాకరణ గ్రంథంలోని ఉదాహరణలు. పొట్టి వాక్యాలు, శుభ్రమైన వాక్యాలు. దాని ముందు పత్రిక సంపాదకీయం పెడితే తడబడటంలో దాని తప్పేం లేదు. అందుకే కష్టాల ఫైలులో నా అసలు పుస్తకాల నుంచి తీసిన మూడు పొడుగు వాక్యాలు ఉన్నాయి.

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ల దగ్గర పొడుగ్గా రాయను, ఒక్క హెచ్చరిక చాలు. అను లాంటి డీటీపీ ఫాంట్లలో అక్షరం ఒకటిగా ఉండదు, తలకట్టు, కొమ్ము, ఒత్తు ఒక్కో ముక్కగా ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో దాక్కుని ఉంటాయి. ముక్కలు మళ్లీ కలపడంలో అరుదైనవి పోతాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా మార్చిపెట్టే ఒక సైట్‌లో ఒకసారి ఒక నవల మొత్తం పెట్టాను. ‘ఱ’లన్నీ మాయం. ఇంకొకరి అచ్చుకాని నవలని తెలియని సర్వర్‌కి అప్పజెప్పానని తర్వాత తట్టి గుండె జారింది. అప్పటి నుంచి నెట్ తీసేసి కూడా నడిచేవే వాడుతున్నాను. ఇంకో వస్తువుకి తగిలించుకుని బతికే టూల్ అయితే, ఆ వస్తువు మారితే ఏమవుతుందో కూడా చూడండి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది.

మొన్న 31వ వరుస చేర్చాను. స్కాన్ చేసిన పుస్తకాన్ని టెసరాక్ట్‌తో అక్షరాలుగా మార్చుతుంటే, ‘ధ’లు ‘థ’లు ఒకదాని చోట ఒకటి వచ్చాయి. ‘కథ, కధ’ అని రాసి, పక్కన “మొదటిదే ఒప్పు, కానీ 1950ల పుస్తకమైతే రచయితనో వారసులనో అడుగు” అని రాసుకున్నాను.